పళ్ళ డాక్టరు

మా ఇంట్లో ప్రతి ఆయుధపూజకూ ఒక గేరుకు పసుపు రాసి కుంకుమ పెడతాం. బెంగుళూరులో ఆయుధపూజ ఎలా ఉంటుందో ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకు చెప్పనక్కరలేదు. వీధిలోని స్కూటర్లకూ కార్లకూ అరటిపిలకలు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బూడిదగుమ్మడికాయ పగలగొట్టేదాకా ఎవరికీ టిఫిను ఉండదు. మా స్కూటరు, మా ఆవిడ కుట్టుమిషను, మా అమ్మాయి కంప్యూటరు వరసగా ఉంటే, వాటన్నిటి ముందు ఒక పాత ఇత్తడి పళ్ళెంలో ఈ గేరు ఉంటుంది. మొదటి పువ్వు దానికే.

పోయిన దసరాకు మా అక్క మనవడు, ఏడేళ్ళవాడు, వచ్చాడు. "తాతా, ఇది ఏ బండిది?" అన్నాడు. విమానానిదిరా అన్నాను. వాడు పెరట్లోకి వెళ్ళి చూసి వచ్చి, "మరి మన విమానం ఏదీ?" అన్నాడు. అందరం నవ్వాం. తరువాత వాడు ఆ గేరు ముందు కూర్చుని పళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకసారి ఒక సంఖ్య వచ్చింది, రెండోసారి ఇంకొకటి. మూడోసారికి విసుగొచ్చింది. నేను వాడి చేతికి కుంకుమ ఇచ్చి, ఒక పంటికి బొట్టు పెట్టి అక్కణ్ణుంచి లెక్కపెట్టమన్నాను. ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఈసారి ఒకటే సంఖ్య. నలభై ఐదేళ్ళ క్రితం మా నాన్నగారు నా చేత చేయించినది కూడా అదే. గుండ్రంగా ఉన్నదానికి మొదలు ఎక్కడో గుర్తు పెట్టుకోకపోతే లెక్క నిలవదనేవారాయన.

మన పత్రికలో పండగల గురించి, వలస వచ్చిన తాతముత్తాతల గురించి చాలామంది రాశారు. నేను ఈ గేరు గురించి రాస్తాను. నేను కామర్సు చదివి బ్యాంకులో చేరినవాణ్ణి, ఇంజనీరును కాను. తెలిసినవాళ్ళు తప్పులు పట్టుకుంటే నాన్నగారి బదులు నన్నే అనాలి.

మా తాతగారు చిత్తూరు జిల్లా పలమనేరు వైపు నుంచి కోలారు బంగారు గనులకు వచ్చారు. నాన్నగారు 1936లో అక్కడే, చాంపియన్ రీఫ్ లైన్లలో పుట్టారు. గని వర్క్‌షాపులోనే ఫిట్టరు పని నేర్చుకుని, ఇరవై ఒకటో ఏట బెంగుళూరు వచ్చి విమానాల ఇంజన్లు విప్పి బాగుచేసే ఒక కార్ఖానాలో చేరారు. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. 1994లో రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నారు. ఆయన పనిలో ముఖ్యభాగం టైమింగు గేర్లు బిగించడం. అందుకని తోటివాళ్ళు ఆయన్ను "పళ్ళ డాక్టరు" అనేవారు. ఆ పేరు వెనక ఇంకో కారణం కూడా ఉందని నాకు చాలాకాలానికి గాని తెలియలేదు. ఇంట్లో మాకు ఇంకో నవ్వులాట ఉండేది. పన్ను అంటే ఆయనకు గేరు పన్ను, నాకు ఇన్‌కంటాక్సు. "మన ఇద్దరికీ పన్నుతోనే అన్నం" అనేవారు.

ఆ ఇంజన్లు ఎక్కువగా డకోటా విమానాలవి. ఇప్పటి పిల్లలకు డకోటా అంటే తెలియదు గాని, మా ముందు తరానికి అది ఇంటి మనిషి పేరులాంటిది. అమెరికాలో 1935లో మొదటిసారి ఎగిరిన డి.సి.3 రకం అది. యుద్ధం ముగిశాక వందలకొద్దీ మన దేశంలో మిగిలిపోయాయి. 1947 అక్టోబరు 27న శ్రీనగరులో మన సైన్యాన్ని దింపినవి డకోటాలు. అదే ఏడాది ఇండొనేషియా నాయకుడు షహ్రీర్‌ను డచ్చివాళ్ళ కళ్ళు కప్పి తీసుకురావడానికి బిజూ పట్నాయక్ నడిపినది డకోటాయే. ఒరిస్సాలోని మన సభ్యులకు ఇది నేను చెప్పాలా? హైదరాబాదులో దక్కన్ ఎయిర్‌వేస్ నడిపినవీ అవే. 1949 నుంచి రాత్రి తపాలా విమానాలు బొంబాయి, కలకత్తా, మద్రాసు, ఢిల్లీల నుంచి బయలుదేరి అర్ధరాత్రి నాగపూరులో కలుసుకుని సంచులు మార్చుకునేవి. మా బ్యాంకులోని పాతకాలం వాళ్ళు ఊరూరి అడ్వైసులు మర్నాడే చేరడం గురించి మాట్లాడుతుంటే, వాటిని మోసినది నాన్నగారి ఇంజనే కదా అనుకునేవాణ్ణి.

డకోటాకు రెండు రెక్కల మీద రెండు ఇంజన్లు. ప్రాట్ అండ్ విట్నీ కంపెనీవాళ్ళ ట్విన్ వాస్ప్. ఇవి 1,73,000కు పైగా తయారయ్యాయి. ఒక్కొక్కదానికి 1200 గుర్రాల శక్తి. మన కార్లలోలాగా సిలిండర్లు ఒకదాని పక్కన ఒకటి వరసగా ఉండవు. మధ్యలో ఇరుసు, దాని చుట్టూ పువ్వు రేకుల్లాగా ఏడు సిలిండర్లు. ఆ పువ్వు వెనక ఇంకో పువ్వు, మరో ఏడు. మొత్తం 14. ముందునుంచి వచ్చే గాలే వాటిని చల్లబరుస్తుంది. దీన్నే రేడియల్ ఇంజను అంటారు.

"ఏడే ఎందుకు, ఎనిమిది పెడితే ఇంకా బలం కదా?" అని నేను చిన్నప్పుడు అడిగాను. నాన్నగారు సమాధానం చెప్పలేదు. ఆ ఆదివారం వీధిలోని పిల్లల్ని ఏడుగురిని పోగుచేసి వాకిట్లో గుండ్రంగా కూర్చోబెట్టారు. అమ్మ ఉడికించిన చెనిక్కాయల గిన్నె పట్టుకుని మధ్యలో నిలబడి, ఒకరిని వదిలి ఒకరికి పెడుతూ తిరిగారు. ఒకటోవాడికి, మూడోవాడికి, అయిదోవాడికి, ఏడోవాడికి. తరువాత ఒకటోవాణ్ణి దాటి రెండోవాడికి, నాలుగోవాడికి, ఆరోవాడికి. రెండు చుట్లు తిరిగేసరికి ఏడుగురికీ సరిగ్గా ఒక్కొక్కసారి అందింది, మళ్ళీ ఒకటోవాడి దగ్గరికి వచ్చారు. ఈలోగా పక్కింటి అబ్బాయి వచ్చి చేరాడు. ఎనిమిదిమంది అయ్యారు. అదే పద్ధతిలో తిరిగారు. ఒకటి, మూడు, అయిదు, ఏడు, మళ్ళీ ఒకటి, మూడు, అయిదు, ఏడు. నలుగురికి రెండేసిసార్లు, నలుగురికి అసలు లేదు. మా అక్క ఏడుపు లంకించుకుంది.

సిలిండరులో ఒకసారి మంట వెలగాలంటే ఇరుసు రెండు చుట్లు తిరగాలి. గాలి పీల్చడం, నొక్కడం, మండడం, పొగ వదలడం, ఈ నాలుగూ రెండు చుట్లలో పూర్తవుతాయి. అందుకే ఒకదాన్ని వదిలి ఒకటి వెలిగించుకుంటూ పోతారు. ఆ వరస తెగకుండా, ఎడం మారకుండా ఉండాలంటే ఒక్కొక్క పువ్వుకు రేకులు బేసి సంఖ్యలోనే ఉండాలి. ఏడు గాని, తొమ్మిది గాని. ఆ తరువాత ఇంజనీర్లు ఎవరైనా ఎన్ని బొమ్మలు వేసి చెప్పినా నాకు చెనిక్కాయలే గుర్తొస్తాయి.

ఇప్పుడు అసలు సంగతి. ప్రతి సిలిండరుకూ రెండు తలుపులు, వాల్వులు అంటారు. ఒకటి గాలీ పెట్రోలూ లోపలికి రావడానికి, ఒకటి పొగ బయటికి పోవడానికి. వాటిని వేళకు తెరవాలి, వేళకు మూయాలి. దానికోసం కామ్ రింగు అని ఒక గుండ్రని కంకణం ఉంటుంది. దాని అంచున అక్కడక్కడ మూపురాల్లాంటి ఎత్తులు ఉంటాయి. కంకణం తిరుగుతుంటే మూపురం వచ్చి ఒక కడ్డీని పైకి తోస్తుంది, ఆ కడ్డీ వాల్వును తెరుస్తుంది. ఏడు సిలిండర్లకు ఏడు మూపురాలు అక్కరలేదు, మూడు చాలు. ఇది మొదట విన్నప్పుడు నేను నమ్మలేదు.

నాన్నగారు అమ్మ గాజు ఒకటి అడిగి తీసుకుని, దానికి సమదూరంలో మూడు చోట్ల దారం ముడివేసి చూపించారు. పాఠకులు కొంచెం ఓపిక పట్టాలి. ఒకటో సిలిండరు తరువాత పని చేయవలసినది మూడోది. ఆ రెండింటి మధ్య దూరం వృత్తంలో దాదాపు 103 డిగ్రీలు. కంకణం మీద మూపురాల మధ్య దూరం 120 డిగ్రీలు. 17 డిగ్రీలు ఎక్కువ ఉంది. మరి మూపురం సరిగ్గా వేళకు మూడో సిలిండరు దగ్గర ఉండాలంటే ఏం చేయాలి? కంకణం ఎదురుదిశలో 17 డిగ్రీలు వెనక్కి రావాలి. ఇరుసు ముందుకు 103 తిరిగేలోగా కంకణం వెనక్కి 17 తిరగాలి, అంటే ఆరోవంతు వేగంతో. ఇదొక పద్ధతి. ఎదురుదిశ వద్దనుకుంటే నాలుగు మూపురాలు పెట్టి, ఇరుసు తిరిగే వైపే ఎనిమిదోవంతు వేగంతో తిప్పవచ్చు. తొమ్మిది సిలిండర్ల పువ్వుకైతే నాలుగు మూపురాలు ఎదురుదిశలో ఎనిమిదోవంతు, లేదా అయిదు మూపురాలు అదే దిశలో పదోవంతు. ఏ పద్ధతిలోనైనా లెక్క పైసాతో సహా సరిపోతుంది. డబుల్ ఎంట్రీ కనిపెట్టినవాడికి దణ్ణం పెట్టినట్టే దీన్ని కనిపెట్టినవాడికీ పెట్టాలనిపించింది.

ఇరుసు వేగాన్ని తగ్గించి కంకణానికి అందించేవే టైమింగు గేర్లు. మా ఇంట్లో ఉన్నది మధ్యలో ఉండే జంట గేరు. ఒకే కడ్డీ మీద ఒక పెద్ద చక్రం, దానికి అంటుకుని ఒక చిన్న చక్రం. పెద్దది ఇరుసు గేరు నుంచి తిరుగుడు అందుకుంటుంది, చిన్నది కంకణానికి అందిస్తుంది. ఇంతే. చేతిలో పట్టుకుంటే గిన్నెల దుకాణంలో కొన్న వస్తువులాగా ఉంటుంది. కానీ ఇంజను నిమిషానికి 2700 చుట్లు తిరుగుతుంటే ఒక్కొక్క వాల్వు 1350 సార్లు తెరుచుకోవాలి. 14 సిలిండర్లకు 28 వాల్వులు. క్షణానికి 630 సార్లు ఏదో ఒక తలుపు తెరుచుకుంటోందన్నమాట. బ్యాంకులో మార్చి నెల రద్దీ గురించి నేను ఇంట్లో చెప్పుకుంటుంటే నాన్నగారు ఈ లెక్క ఒకసారి చెప్పి ఊరుకున్నారు.

ఈ గేర్లను బిగించేటప్పుడు ఒక పన్ను అటూ ఇటూ అయితే ఏమవుతుంది? ఒక ఉదాహరణ చెబుతాను. ఇరుసు గేరుకు 36 పళ్ళున్నాయనుకుందాం. అక్కడ ఒక పన్ను జరిగితే 10 డిగ్రీల తేడా. కంకణానికి 72 పళ్ళున్నాయనుకుందాం. అక్కడ ఒక పన్ను అంటే కంకణం మీద 5 డిగ్రీలే. చిన్నదిగా కనిపిస్తుంది. కానీ కంకణం ఒక డిగ్రీ తిరగడానికి ఇరుసు ఆరు డిగ్రీలు తిరుగుతుంది కనుక అసలు తేడా 30 డిగ్రీలు. పొగ పోవలసిన వేళకు తలుపు మూసి ఉంటుంది, మూసి ఉండవలసిన వేళకు తెరిచి ఉంటుంది. అదీ ఒక్క సిలిండరుకు కాదు, కంకణం ఒకటే కనుక ఆ వరసలోని ఏడింటికీ. మా మాటల్లో చెప్పాలంటే తప్పు వోచరులో ఉంటే ఒక ఖాతా పాడవుతుంది, తప్పు వడ్డీ రేటులో ఉంటే ఖాతాలన్నీ పాడవుతాయి.

అందుకే ప్రతి గేరు మీదా గుర్తులుంటాయి. ఒకటో నంబరు సిలిండరు పిస్టన్ను పైకి తెచ్చి, గుర్తుకు గుర్తు కలిపి బిగించాలి. బిగించాక ఇరుసుకు డిగ్రీలు చెక్కిన పళ్ళెం ఒకటి తగిలించి, మెల్లగా చేత్తో తిప్పుతూ, వాల్వు ఎన్ని డిగ్రీల దగ్గర కదలడం మొదలుపెట్టిందో చూడాలి. పన్ను తప్పితే ఆ పళ్ళెం చెప్పేస్తుంది. ఒకటో నంబరుకే ఎందుకు చూడాలంటే, మిగతా సిలిండర్లలో చిన్న తేడాలు ఎలాగూ ఉంటాయి. ఒక వరసలోని ఏడు పిస్టన్లలో ఒకదాని కడ్డీ మాత్రమే నేరుగా ఇరుసును పట్టుకుంటుంది. మిగతా ఆరూ ఆ పెద్దన్న కడ్డీకి తగులుకుని ఉంటాయి, కాబట్టి వాటి నడక కొంచెం వంకర. నిప్పురవ్వ వేసే మాగ్నెటోలో ఈ వంకరకు తగినట్టు ఒక్కొక్క సిలిండరుకూ వేరుగా సవరణ చేసిన కామ్ పెడతారు. వాల్వుల కంకణానికి మాత్రం ఆ వీలు లేదు. అవే మూపురాలు అందరికీ.

మా ఇంటి గేరు పనికిరాదని తీసేసినది. దాని పళ్ళు చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. ఓవర్‌హాలులో ఇనుప భాగాలను అయస్కాంతంగా మార్చి, సన్నని ఇనుప పొడి కలిపిన నూనె పోస్తారు. ఎక్కడైనా పగులుంటే పొడి అక్కడ గీతలాగా పేరుకుంటుంది. ఈ గేరులో ఒక పంటి మొదట్లో అలా వెంట్రుకంత గీత కనిపించిందట. ఎర్ర రంగు పూసి పక్కన పడేశారు. తుక్కు అమ్మినప్పుడు నాన్నగారు డబ్బు కట్టి కొనుక్కున్నారు. ఆ రసీదు కూడా గేరుతోపాటే ఉండేది, కాగితం పసుపుపచ్చబడి మడతల దగ్గర తెగిపోయేదాకా.

ఇక నా సంగతి. 1996 మార్చి 31. అప్పుడు నేను కోలారు జిల్లాలో ఒక తాలూకా కేంద్రంలోని బ్రాంచిలో కొత్తగా ఆఫీసరునైనవాణ్ణి. కంప్యూటర్లు మాదాకా రాలేదు, అన్నీ చేతి లెడ్జర్లే. ఏడాది ముగింపు రాత్రి ఎలా ఉంటుందో బ్యాంకులో పనిచేసినవాళ్ళకు తెలుసు. పదకొండింటికి చిత్రాన్నం పొట్లాలు వచ్చాయి. ఒంటిగంటకు సేవింగ్సు లెడ్జర్లు ఒక్క పైసా తేడా లేకుండా కలిశాయి. మేనేజరుగారు నా భుజం తట్టారు. చివరి బస్సు మా కోసమే ఆపించారు.

బస్సులో కూర్చున్నాక నాకొక వోచరు గుర్తుకొచ్చింది. 4,200 రూపాయల చెక్కు వసూలై వచ్చిన డబ్బు. మా దగ్గర ఒకే పేరు, ఒకే ఇంటిపేరు అక్షరంతో ఇద్దరు ఖాతాదారులు ఉండేవారు. ఒకాయనకు బియ్యం మిల్లు ఉంది. ఇంకొకాయన రిటైరయిన బడిపంతులు. గుమాస్తా వేసిన ఖాతా నంబరును నేను సరిచూశానా, పేరు చూసి సంతకం పెట్టేశానా? గుర్తు రాలేదు. లెడ్జరు కలిసింది కదా అనుకున్నాను. కానీ ఒకరి డబ్బు ఇంకొకరి ఖాతాలో పడ్డా లెడ్జరు కలుస్తుందని బి.కాం. మొదటి సంవత్సరం పిల్లవాడికి కూడా తెలుసు. రేపు చూద్దాంలే అనుకుని కళ్ళు మూసుకున్నాను.

ఆ రేపు రాలేదు. కొత్త ఏడాది పుస్తకాలు, స్టేట్‌మెంట్లు, ఆడిట్ హడావుడి. నిజానికి మరిచిపోలేదు. రెండు మూడు సార్లు ఆ లెడ్జరు పక్కనుంచే వెళ్ళాను. అడిగేవాళ్ళు ఎవరూ లేకపోయేసరికి సరిగ్గానే ఉండి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను.

మూడు వారాలు గడిచాక పంతులుగారు నా బల్ల దగ్గరికి వచ్చారు. అప్పటికే రెండుసార్లు కౌంటరులో అడిగితే ఇంకా రాలేదన్నారట. భార్యకు కంటి ఆపరేషను. చెక్కు డబ్బు వస్తుందని రోజు ఖాయం చేసుకున్నారు, రాకపోయేసరికి ఆమె గాజులు తాకట్టు పెట్టి చేయించారు. ఇదంతా ఆయన ఫిర్యాదుగా చెప్పలేదు, ఎందుకు అడుగుతున్నారో తెలియాలని చెప్పారు. నేను లేచి వెళ్ళి మిల్లు ఆయన ఖాతా తీశాను. ఉంది. సరిదిద్దడానికి రెండు నిమిషాలు పట్టింది. తాకట్టు వడ్డీ నేనిస్తానన్నాను. "పరవాలేదు సార్, దొరికింది కదా" అని నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. ఆ వడ్డీ ఎంతో ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

ఆ ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు నాన్నగారితో చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. తిడితే బాగుండుననిపించిందేమో. ఆయన అంతా విని, "సందేహం ఎప్పుడొచ్చింది?" అని అడిగారు.

"బస్సులో నాన్నా."

"దిగలేదా?"

అంతే. చెప్పులు వేసుకుని వాకింగుకు వెళ్ళిపోయారు.

ఆయన వెళ్ళాక అమ్మ వంటింట్లోంచి వచ్చింది. "ఆయన్ని ఏమీ అనుకోవద్దు రా. నువ్వు పుట్టిన రోజు జరిగింది నీకు చెప్పలేదు కదా" అని మొదలుపెట్టింది.

1969లో నేను పుట్టిన మధ్యాహ్నం నాన్నగారు ఒక ఇంజను వెనక వరస టైమింగు గేరు బిగిస్తున్నారు. సగంలో ఉండగా ఎవరో పరుగెత్తుకొచ్చి "మగపిల్లాడు, స్వీట్లు తెప్పించు" అన్నారు. షాపంతా చుట్టూ చేరారు. ఆయన మిగిలిన పని పూర్తిచేసి, పళ్ళెం పెట్టి డిగ్రీలు సరిచూసి, ఇన్‌స్పెక్టరు ముద్ర వేయించుకుని ఆస్పత్రికి వచ్చారు. రాత్రి తొమ్మిదింటికి నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవారు ఉన్నట్టుండి అమ్మకు అందించేశారట. గేరును పట్టి ఉంచే నట్టుకు స్ప్లిట్ పిన్ను పెట్టి కాళ్ళు వంచానా లేదా అన్నది గుర్తు రాలేదు. పన్ను తప్పితే పళ్ళెం చెబుతుంది. పిన్ను లేకపోతే ఏదీ చెప్పదు. టెస్ట్ బెడ్ మీద కూడా ఇంజను చక్కగా తిరుగుతుంది. ఎన్ని గంటలు ఎగిరాకో, ఎక్కడో, ఆ నట్టు వదులవుతుంది. అప్పుడు ఏడు సిలిండర్లు ఒక్కసారిగా పోతాయి.

మర్నాడు పొద్దున ఏడింటికి ఆయన ఫోర్‌మన్ ముందు నిలబడి ఇంజను విప్పాలన్నారు. ఆ గేరు చేరాలంటే వెనకనున్న మాగ్నెటోలు, సూపర్‌చార్జరు పెట్టె, పైపులు అన్నీ ఊడదీయాలి. ఫోర్‌మన్‌కు కోపం వచ్చింది, ముద్ర వేసిన ఇన్‌స్పెక్టరుకు ఇంకా ఎక్కువ వచ్చింది. "నేను చూడలేదంటావా?" అన్నాడట. "నేను పెట్టానో లేదో నాకు తెలియదంటున్నాను" అన్నారట నాన్నగారు. చివరికి విప్పారు. నలుగురు మనుషులకు రెండు రోజులు పట్టింది.

పిన్ను ఉంది. రెండు కాళ్ళూ చక్కగా వంచి ఉన్నాయి.

షాపులో నెలరోజులు నవ్వారు. పళ్ళు బాగానే ఉన్నా పీకి చూసే డాక్టరు అని ఎవరో అన్నారు. ఆ పేరు అప్పుడు వచ్చినదే. నవ్వు సరే, అశ్రద్ధగా పనిచేసి కాలం వృథా చేశాడని మెమో కూడా ఇచ్చారు. ఒక ఏడాది ఇంక్రిమెంటు ఆగింది. "నీ బారసాలకు చీర కొంటానన్నారు, కొనలేదు. ఎందుకో నాకు అప్పుడు చెప్పలేదు" అంది అమ్మ.

నాన్నగారు వాకింగునుంచి వచ్చాక నేను ఉండబట్టలేక అడిగాను. "పిన్ను సరిగ్గానే ఉంది కదా నాన్నా, అనవసరంగా విప్పించానని బాధ కలగలేదా?"

ఆయన చెప్పులు విప్పుతూ, "ఉందని విప్పాక తెలిసింది. విప్పకముందు తెలియదు కదరా" అన్నారు. తరువాత కాసేపాగి, "ఇంక్రిమెంటు విషయం మీ అమ్మ చెప్పిందా? అది మాత్రం బాధగానే ఉండింది" అన్నారు.

ఆ మరుసటి వారం నేను పంతులుగారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఆమె కన్ను బాగుంది. కాఫీ ఇచ్చారు. వడ్డీ మాట ఎత్తితే ఈసారి కూడా వినలేదు. గాజులు విడిపించుకున్నారా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. కాఫీ గ్లాసు అందిస్తున్నప్పుడు ఆమె చేతుల వైపు చూశాను. గాజుగాజులే ఉన్నాయి.

ఆ తరువాత ముప్ఫై ఏళ్ళలో లెడ్జర్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. ఒకే పేరున్న ఇద్దరు ఖాతాదారులు మాత్రం ప్రతి బ్రాంచిలోనూ ఉన్నారు. నేను రెండుసార్లు దారిలోంచి వెనక్కి వెళ్ళి తాళాలు తీయించాను. రెండుసార్లూ అంతా సరిగ్గానే ఉంది. సెక్యూరిటీ అతను నన్ను చూసిన చూపు నాకింకా గుర్తే.

2018 మేలో ఒక పాత డకోటాను ఇంగ్లండులో బాగుచేయించి, మన వాయుసేనకు కానుకగా ఇచ్చారు. వి.పి.905 అని దాని నంబరు, పరశురామ అని పేరు పెట్టారు. డకోటా పైలటుగా పనిచేసిన ఎయిర్ కమొడోర్ ఎం.కె. చంద్రశేఖర్‌గారి గౌరవార్థం వారి అబ్బాయి రాజీవ్ చంద్రశేఖర్ ఇచ్చినది. అది ఇంగ్లండునుంచి తన రెక్కల మీదే ఎగిరి వచ్చింది. మా అమ్మాయి డకోటా ఇంజను స్టార్టు చేసే వీడియో ఒకటి ఫోనులో వెతికిపెట్టింది. నాన్నగారికప్పటికి ఎనభై రెండు, చూపు తగ్గింది, చెవి మాత్రం బాగుండేది. ఫోను చెవికి ఆనించుకున్నారు. పక్కనుంచి అమ్మ తొంగిచూసి, "అయ్యో, పొగ వస్తోంది, మంట అంటుకుందేమో!" అంది.

"అది మంట కాదే, ఆగి ఉన్నప్పుడు కింది సిలిండర్లలోకి నూనె దిగుతుంది, అది కాలుతోంది. కొంచెం ఆగు" అన్నారు.

ఇంజను మొదట దగ్గింది, తడబడింది, ఒక్కొక్క సిలిండరే అందుకుంది. తరువాత చప్పుడు సమంగా సాగింది. ఆయన కళ్ళు మూసుకుని వేళ్ళతో మంచంపట్టె మీద తాళం వేస్తున్నారు. వీడియో అయిపోయింది.

"ఇంకోసారి పెట్టమ్మా" అన్నారు మా అమ్మాయితో. "ఈసారి ముందు వరస వింటాను."